ఎవరు ముందు నడవాలి

జ్ఞానశిఖామణి అయ్యగారు ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కారు. కండువా భుజాన వేసుకుని "పద" అనేవారు. ఆయన దగ్గర బైబిలు వాక్యం నేర్చుకుంటున్న నిరీక్షణ్ ఒకనాడు, "అయ్యగారూ, సంఘాల ఐక్యత పనిలోకి యౌవనస్థుల్ని ఎలా చేర్చుకోవాలండీ?" అని అడిగాడు.

"పద," అన్నారాయన.

ఇద్దరూ రేవు దాటి కేదారిలంక చేరారు. ఆ ఊళ్ళో ఒకే వీధిలో లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు చర్చిలున్నాయి. కిందటేడు మట్టల ఆదివారం నాడు, మట్టలు ఊపుకుంటూ పాడుతూ వచ్చిన మూడు ఊరేగింపులూ కూడలిలో ఎదురుపడ్డాయి. ఎవరూ దారివ్వలేదు. పాటలు కాస్తా అరుపులయ్యాయి. తోపులాటలో ఒక పసివాడి చెయ్యి విరిగింది. ఈసారి ఊరంతటికీ ఒకే ఊరేగింపు, లేదంటే అసలు వద్దని పోలీసులు తేల్చేశారు. తెల్లవారితే మళ్ళీ మట్టల ఆదివారం.

బాప్టిస్టు చర్చి వరండాలో పెద్దలు పొద్దుటినుంచీ కూర్చునే ఉన్నారు. ఎవరి సిలువ ముందు నడవాలన్న దగ్గరే మాట ఆగిపోయింది.

"ఈ ఊళ్ళో మొదటి సంఘం మాది. మా వెనక నడవడం ఇష్టం లేనివాళ్ళు ఇంట్లో కూర్చోండి," అన్నారు లూథరన్ పెద్ద ఆశీర్వాదం గారు.

మూడు సంఘాల యువతీయువకులూ కుర్చీలు సర్దుతూ, టీలు అందిస్తూ తిరుగుతున్నారు. అయ్యగారు వాళ్ళనే కాసేపు చూసి లేచారు. "పెద్దలందరం ఏటిగట్టు దాకా నడిచొద్దాం రండి. కుర్చీలు వేసినవాళ్ళు కాసేపు వాటిలో కూర్చుంటారు." ఆయన మాట కాదనలేక పెద్దలు కదిలారు. అయ్యగారు నిరీక్షణ్‌ని మాత్రం అక్కడే ఉండమన్నారు, నోరు మెదపొద్దని కూడా చెప్పారు.

పిల్లలు పెద్దలకంటే గట్టిగా పోట్లాడుకున్నారు. నిరుడు చెయ్యి విరిగింది పెంతెకొస్తు సంఘంలోని కెజియ తమ్ముడికి. "మావాణ్ణి తోసింది మీవాళ్ళే," అని ఆమె ఆశీర్వాదం గారి అబ్బాయి ప్రశాంత్‌ని నిలదీసింది.

ప్రశాంత్ తల వంచుకున్నాడు. "తోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మీ ఇంటికొచ్చి క్షమించమనడానికి మొహం చెల్లలేదు."

ఏదో ఒక బైబిలు వచనం నిరీక్షణ్ నోటిదాకా వచ్చింది. అయ్యగారి మాట గుర్తొచ్చి మింగేశాడు.

చివరికి కెజియే కళ్ళు తుడుచుకుంది. "సరే. ఎవరు ముందుంటే ఇంకెవరూ తోసుకోరో, అది చెప్పు."

"నడవలేనివాళ్ళు," అన్నాడు ప్రశాంత్ నెమ్మదిగా. "మా నాయనమ్మ మంచాన పడ్డప్పట్నుంచీ చర్చి మొహం చూడలేదు. ప్రతి సంఘంలోనూ అలాంటివాళ్ళున్నారు. వాళ్ళని ముందు పెడదాం. వాళ్ళని దాటుకుని ఎవరు పోగలరు?"

అందరూ ఒక్కసారి లేచారు. కొందరు ముసలివాళ్ళని అడగడానికి ఇళ్ళకి పరుగెత్తారు, కొందరు చక్రాల కుర్చీల కోసం, రిక్షాల కోసం వెళ్ళారు. పెద్దలు తిరిగొచ్చేసరికి అంతా తేలిపోయింది.

"మా అమ్మనా? వీధిలోకా?" అని ఆశీర్వాదం గారు మండిపడ్డారు.

"అడిగాం నాన్నా. తెల్లచీర తీసి పెట్టమంది," అన్నాడు ప్రశాంత్.



మర్నాడు ఎండ ఎక్కుతుండగా ఊరేగింపు బయల్దేరింది. అందరికంటే ముందు ప్రశాంత్ నాయనమ్మ మార్తమ్మ గారి చక్రాల కుర్చీ. దాన్ని నడుపుతున్నది కెజియ. వెనక రిక్షాల్లో మిగతా సంఘాల ముసలివాళ్ళు, ఆ వెనక ఊరంతా. మూడు సిలువలూ పక్కపక్కనే సాగాయి. కూడలికి వచ్చేసరికి మార్తమ్మ గారు మట్ట పైకెత్తి "హోసన్నా!" అన్నారు. ఆ పిలుపు అందుకుని వీధి వీధంతా ఒక్క గొంతైంది. ఆశీర్వాదం గారు పరుగున వచ్చి తల్లికి గొడుగు పట్టారు. కాసేపటికి ఆ గొడుగు కాస్త వెనక్కి వంచి కెజియకి కూడా నీడ పట్టారు. పాడి పాడి నిరీక్షణ్ గొంతు బొంగురుపోయింది.

ఊరేగింపు ముగిశాక అతను మెరిసే కళ్ళతో గురువు దగ్గరికి వచ్చాడు. "అయ్యగారూ, పెద్దలు ఒప్పుకున్నారండీ! వచ్చే ఏటి కమిటీలోకి యౌవనస్థుల్ని చేర్చుకుంటారట!"

అయ్యగారు నవ్వారు. "సంతోషం నాయనా. ముందు ఆ పిల్లలు మనల్ని చేర్చుకుంటారేమో కనుక్కో."