పంతులమ్మ గడప ఎవరెత్తుకుపోయారు

"గడప పోయిందర్రోయ్!"

పొద్దున్నే వీధి చివర కేక. ఎవరిదంటారా, తలారి గవరయ్యది. వాడికి అందరిమీదా అనుమానమే, తన నీడ వెనకాలొచ్చినా ఎందుకొస్తున్నావని అడిగే రకం. ఊ కొట్టండి మరి, లేకపోతే ఆపేస్తా.

అదో రాజుగారి ఊరు. ఊరికో బడి, బడికో పంతులమ్మ, పేరు అచ్చాయమ్మ. పోయింది ఆవిడింటి గడపే. నగలొదిలేసి పసుపు రాసిన చెక్క ఎత్తుకుపోయే దొంగ ఎవడమ్మా? తలారికి వడ్రంగి మీద అనుమానం. వడ్రంగికి కట్టెలమ్మే ముసలమ్మ మీద. ముసలమ్మకి తలారి మీదే. పంతులమ్మ ఇంట్లో లేదు, అదింకో అనుమానం. చివరికి అందరూ కలిసి పొలంలో డేరా వేసుకున్న బాతులవాళ్ళ మీద పడ్డారు.

వాళ్ళు కోసిన చేలల్లో బాతుల్ని మేపుకుంటూ ఊరూరూ తిరుగుతారు. వాళ్ళ పిల్ల నూకాలు భలే చురుకు. కానీ గడప లేని ఇంటి పిల్లకి ఐదో తరగతి పైన చదువు లేదని రాజుగారి చట్టం. ఇవాళుండి రేపు పోయేవాళ్ళకి చదువెందుకట. పంతులమ్మ కోటకెళ్ళి మొత్తుకుంది, విన్లేదు. సరేలెమ్మని పిల్లని ఆరో తరగతిలో కూర్చోబెట్టేసింది. బడి పట్టీలోంచి ఆ పిల్ల పేరు కొట్టెయ్యడానికే రాజుగారు ఆ పూట వచ్చారు.

ఊరంతా కర్రలతో పొలానికి పరిగెత్తారు, వెనకాల పల్లకీలో రాజుగారు. చూస్తే ఏముంది, డేరా ముందే గడప. పసుపు రాసి, బొట్టు పెట్టి, అవతల నూకాలు, ఇవతల పంతులమ్మ. నే చెప్పలా అని గవరయ్య మీసం దువ్వాడు. నేనే తెచ్చాను, కర్ర దించవయ్యా అంది పంతులమ్మ.

"ఈ పిల్లకిప్పుడు గడపుంది మహాప్రభో. లేనిది నాకే. కొడితే నా పేరు కొట్టెయ్యండి."

ఇందులో ఏదో మెలికుందని రాజుగారికి అనుమానం. లోపల చూద్దామని డేరాలోకి వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ కాలెత్తి, గడప తొక్కకుండా దాటారు. నూకాలు చూసింది.

"ఇది ఇల్లు కాదన్నారుగా రాజుగారూ, మరి గడప తొక్కకుండా దాటారేం?"

రాజుగారు కాలు వంక చూసుకున్నారు. నవ్వు ఆపుకోలేకపోయారు. సరే, బడికి గడపుంది, పిల్లలందరికీ అదే చాలు, ఈవిడ గడప ఈవిడకి బిగించిరా అని వడ్రంగికి చెప్పారు.

అప్పటికి ఎండెక్కింది. నూకాలు తల్లి బాతుగుడ్ల కూర, అన్నం దింపింది. అందరూ ఒకే వరసలో కూర్చున్నారు, రాజుగారు కూడా నేల మీదే. గవరయ్య మాత్రం నిలబడే గుడ్డుని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాడు.

"తినరా అబ్బాయ్, అదేం గడప ఎత్తుకుపోదులే" అని ముసలమ్మ పక్కన చోటిచ్చింది. వాడూ కూర్చున్నాడు.

కథ గడప దాటింది, మనం పక్కెక్కుదాం.