గంపబంతి ఆటగాళ్ళ మాలతూకం

అనగనగా అని మొదలుపెట్టే కథలన్నిటికంటే కాస్త ముందు, నీలగుండం అనే రాజ్యం ఉండేది. దాని రాజు జయకేతుడు. ఆ రాజుకు వేట మీద మోజు లేదు, జూదం మీద మోజు లేదు. ఉన్న మోజంతా గంపబంతి మీదే.

గంపబంతి అంటే ఏమిటో చెబుతాను. మైదానానికి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి తాటిదూలాలు పాతుతారు. ఒక్కో దూలం కొసన అడుగు లేని వెదురుగంప కడతారు. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. నడుమ ఒక తోలుబంతి. ఎవరు ఎదుటివాళ్ళ గంపలో ఎక్కువసార్లు బంతి వేస్తే వారిదే గెలుపు.

నీలగుండం ఆటగాళ్ళు కొలువులో జీతగాళ్ళు. ఆడటమే వాళ్ళ ఉద్యోగం. ఆ జీతాలు నిర్ణయించడానికి రాజుగారి తాతల నాటి ఆచారం ఒకటుంది. దాన్ని మాలతూకం అంటారు.

ఆట ముగియగానే జనం తమకు నచ్చిన ఆటగాడి మీద పూలదండలు విసురుతారు. ఏడాదిలో ఆటలన్నీ అయ్యాక, చివరి ఆటలో ఎవరికి పడ్డ దండలు వాళ్ళు మోసుకుని సభకు వస్తారు. కోశాధికారి వాటిని త్రాసులో తూస్తాడు. ఎవరి దండలు ఎంత బరువు తూగితే, వచ్చే ఏడాదికి వారి జీతం అంత. ఒక్క దండా రానివాడికి తిండిబియ్యం మాత్రమే. వరుసగా మూడేళ్ళు ఒక్క దండ కూడా రానివాడు కొలువు వదిలి పోవాలి.

ప్రజలే న్యాయమూర్తులు కదా, ఇంతకంటే న్యాయం ఏముంటుందని అందరూ అనుకునేవారు.

అందరికన్నా పెద్ద జీతం మైలారుడిది. తాటిచెట్టంత మనిషి. చెయ్యి ఎత్తితే గంప అంచు అందేది. అతను బంతి వేసిన ప్రతిసారీ మైదానం దద్దరిల్లిపోయేది.

రెండో పెద్ద జీతం సోమిదేవుడిది. వేసేది తక్కువే కానీ, వేసినప్పుడల్లా మూడు పిల్లిమొగ్గలు వేసి, మీసం దువ్వి, ఆడవాళ్ళ వైపు తిరిగి దండం పెట్టేవాడు. అతనికి బావమరదులు చాలామంది. వాళ్ళు తెల్లవారకముందే పూలబజారుకు వెళ్ళి దండలు బుట్టలతో కొనుక్కొచ్చేవారు.

అందరికన్నా చిన్న జీతం ఓబనది. ఓబన పొట్టి మనిషి. గంపలో బంతి వేయడం అతని పని కాదు. ఎదుటివాడి చేతిలో ఉన్న బంతిని తన్నుకుపోవడం అతని పని. తన్నుకుపోయిన బంతిని రెప్పపాటులో మైలారుడికి అందించేవాడు. జనం కళ్ళు బంతి వెంట పోతాయి. ఓబన చేతిలో అది నిలిచేదెంతసేపు? కాబట్టి ఓబనను ఎవరూ చూడలేదు. రెండేళ్ళుగా ఒక్క దండ రాలేదు.

ఈ ఏడాదీ రాకపోతే కొలువు పోతుంది. కొలువుతో పాటు కొలువువాళ్ళ వీధిలో ఇల్లూ పోతుంది.

ఓబన భార్య చెంగమ్మ నోరున్న మనిషి. ఒకరోజు అన్నం వడ్డిస్తూ నిలదీసింది.

"ఏమయ్యా, ఆ సోమిదేవుడి బావమరదులు కొంటున్నారే, మనమూ నాలుగు దండలు కొంటే పోలా? మా తమ్ముడి చేత విసిరిస్తాను."

"నేను ఆడి సంపాదించుకోవాలి గానీ, పూలు కొని సంపాదించుకోవడం ఏమిటే?"

"అబ్బో! రేపు సామాను బండికెక్కించేటప్పుడు ఈ మాట ఎద్దులకు చెప్పు, వింటాయి."

ఓబన నవ్వాడు. కానీ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు సభలో కోశాధికారి లేచాడు. "ప్రభూ, ఈ ఏడాది మనకు మూడు ఆటలు మిగిలాయి. ఓబనకు ఎలాగూ దండలు రావు. ఇప్పుడే పంపించేస్తే మూడు నెలల బియ్యం మిగులుతాయి."

రాజు ఓబన వైపు చూశాడు. "నువ్వేమంటావు?"

ఓబన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, నేను పనికిరాని వాణ్ణయితే తీసేయడమే న్యాయం. అయితే పనికొస్తానో రానో దండల వల్ల తెలియదు. మూడు ఆటలున్నాయి కదా. మొదటి ఆటలో మైలారుణ్ణి కూర్చోబెట్టండి. రెండో ఆటలో సోమిదేవుణ్ణి. మూడో ఆటలో నన్ను. ఎవరు లేకపోతే ఏమవుతుందో మీరే చూడండి."

సభలో గుసగుసలు బయలుదేరాయి. సోమిదేవుడు పకపకా నవ్వాడు. "ప్రభూ, పొట్టివాడు తన గొయ్యి తానే తవ్వుకుంటానంటున్నాడు. తవ్వుకోనివ్వండి!"

రాజుకు ఈ ఏర్పాటు వింతగా తోచింది. వింతగా తోచింది కాబట్టి ఒప్పుకున్నాడు.

ఇంట్లో చెంగమ్మ నెత్తి కొట్టుకుంది. "నువ్వు లేకుండా వాళ్ళు గెలిస్తే?"

"అప్పుడు కోశాధికారి చెప్పిందే నిజమవుతుంది. సామాను సర్దుకుందాం."

మొదటి ఆట కొండదొర జట్టుతో. మైలారుడు గట్టు మీద కూర్చున్నాడు. ఓబన బంతి తన్నుకుపోయి, దగ్గరున్న వాడికల్లా అందించాడు. ఒకడు కాకపోతే ఒకడు గంపలో వేశాడు. నీలగుండం కొద్దిలో గెలిచింది. కానీ మైలారుడు ఆడడని తెలిసి సగం జనం మధ్యలోనే లేచిపోయారు. మరమరాలు అమ్మేవాడు అమ్ముడుపోక మిగిలిన గంప చూసుకుని రాజునే తిట్టబోయి, భటుణ్ణి చూసి నోరు మూసుకున్నాడు.

రెండో ఆట రేవుపట్నం వర్తకుల జట్టుతో. సోమిదేవుడు గట్టు మీద కూర్చున్నాడు. అతని బదులు ఒక కొత్తవాడు ఆడాడు. వాడు పిల్లిమొగ్గలు వేయలేదు, మీసం దువ్వలేదు, చెప్పిన చోట నిలబడ్డాడు. నీలగుండం ఎప్పటికన్నా ఎక్కువ తేడాతో గెలిచింది. గట్టు మీద ఒక ముసలమ్మ మాత్రం, "ఆ దొర్లే అబ్బాయి రాలేదేం? జ్వరమా?" అని అడిగింది. ఇంకెవరూ అడగలేదు. బావమరదులు తెచ్చిన దండలు బుట్టల్లోనే వాడిపోయాయి.

మూడో ఆట తేనెవాక రాజ్యంతో. ఇది ఉత్త ఆట కాదు. ఈ ఆటలో ఎవరు గెలిస్తే ఆ ఏటి పశువుల సంత ఆ రాజ్యంలో జరుగుతుంది. సంత వస్తే సుంకం వస్తుంది, సుంకం వస్తే చెరువుగట్లు బాగవుతాయి. అందుకని ఆ రోజు ఊరంతా మైదానంలోనే ఉంది.

"ఇంత పెద్ద ఆటలో కూడా ఓబనను కూర్చోబెట్టేదేనా ప్రభూ?" అని దళవాయి అడిగాడు.

"మాట ఇచ్చాం కదా. అయినా మైలారుడున్నాడు, సోమిదేవుడున్నాడు. దండలు లేనివాడు లేకపోతే లోటేమిటి?" అన్నాడు రాజు.

ఓబన గట్టు మీద కూర్చున్నాడు. పక్కనే చెంగమ్మ వచ్చి కూర్చుంది. "మనవాళ్ళు ఓడిపోవాలని మొక్కుకోనా?" అని మెల్లిగా అడిగింది.

"తప్పు. సంత పోతుంది."

"సంత ఉంటే మనం ఉండం కదయ్యా!"

ఓబన కండువా సర్దుకుని మైదానం వైపు తిరిగాడు.

ఆట మొదలైంది. తేనెవాక వాళ్ళు బంతి పట్టుకుంటే విడిపించేవాళ్ళే లేరు. లాక్కునేవాడు గట్టు మీద కూర్చున్నాడు మరి. వాళ్ళు ఒకరికొకరు అందించుకుంటూ, తొందర లేకుండా, సంతలో కూరగాయలు ఏరుకున్నట్టు గంపలో వేసుకుంటూ పోయారు. మైలారుడు చేతులు పైకెత్తి నిలబడ్డాడు. ఆ చేతుల్లోకి బంతి రాలేదు. జనం ముందు అరిచారు, తర్వాత తిట్టారు, ఆ తర్వాత నిశ్శబ్దమైపోయారు. సోమిదేవుడికి ఎలాగో ఒకసారి బంతి దొరికి గంపలో పడింది. వెంటనే మూడు పిల్లిమొగ్గలు వేశాడు. అతను దొర్లుతుండగానే తేనెవాక వాళ్ళు ఇంకోటి వేశారు.

సగం ఆట అయ్యాక విరామం ఇచ్చారు. మైలారుడు చెమట తుడుచుకోకుండా తిన్నగా రాజు దగ్గరికి నడిచాడు.

"ప్రభూ, ఓబనను దింపండి."

"నువ్వుండగా అతనెందుకు?"

"నాకు బంతి రావడం లేదు ప్రభూ. బంతి రాకపోతే నేను ఆటగాణ్ణి కాదు, ఒట్టి పొడుగు మనిషిని. ఇన్నేళ్ళూ బంతి నా చేతుల్లోకి దానంతట అదే వస్తుందనుకున్నాను. అది ఓబన తెచ్చేవాడని ఇవాళ అతన్ని గట్టు మీద చూశాక తెలిసింది."

కోశాధికారి అడ్డొచ్చాడు. "నాయనా, ఆలోచించి మాట్లాడు. నీ దండల్లో సగం అతనివని నువ్వే చెబుతున్నావు. రేపు నీ జీతం తగ్గితే?"

మైలారుడు ఒక్క క్షణం తటపటాయించాడు. పెద్ద జీతం, దానికి తగ్గట్టే పెద్ద సంసారం. "తగ్గితే తగ్గనివ్వండి. ఉన్నమాట ఉన్నట్టు చెప్పాను," అన్నాడు.

రాజు చెయ్యి ఊపాడు. ఓబన కండువా చెంగమ్మ ఒడిలో పడేసి మైదానంలోకి దూకాడు.

ఆ తర్వాత ఆట మారిపోయింది. తేనెవాక వాళ్ళ చేతుల్లోంచి బంతి ఎప్పుడు పోయిందో వాళ్ళకే తెలియలేదు. పోయిన బంతి మైలారుడి చేతుల్లో తేలేది, అక్కణ్ణుంచి గంపలో పడేది. జనం మళ్ళీ లేచి నిలబడ్డారు. తేడా తగ్గుతూ వచ్చింది, తగ్గుతూ వచ్చింది. ఇంకొక్క గంప తేడా ఉండగా శంఖం ఊదారు.

నీలగుండం ఓడింది. సంత తేనెవాకకు పోయింది.

మర్నాడు సభలో త్రాసు కట్టారు. ఆట ఓడినా ఆచారం ఆచారమే. మైలారుడి దండలు ఎప్పటిలా బరువు తూగాయి. సోమిదేవుడి దండలు కూడా బాగానే తూగాయి. బావమరదులు ఆట వైపు చూడకుండా విసిరారు కదా. ఓబన ఖాళీ చేతులతో నిలబడ్డాడు. జనం నిన్న మైలారుడు వేసిన గంపలు చూశారు. బంతి ఎక్కణ్ణుంచి వచ్చిందో నిన్న కూడా చూడలేదు.

"మూడో ఏడు. ఆచారం ప్రకారం ఓబన కొలువు ఇవాళ్టితో చెల్లు," అన్నాడు కోశాధికారి.

అంతలో సభ వాకిట్లో అలికిడి అయ్యింది. తేనెవాక జట్టు నాయకుడు బసవయ్య లోపలికి వచ్చి రాజుకు నమస్కరించాడు.

"మహారాజా, తమరు ఓబనను వదులుకోబోతున్నారని విన్నాం. మా రాజుగారు పల్లకీ పంపారు. మైలారుడికి తమరిచ్చే జీతానికి రెట్టింపు ఇస్తామని చెప్పమన్నారు."

సభ ఉలిక్కిపడింది. రాజు సింహాసనం మీద ముందుకు జరిగాడు. "ఒక్క దండ కూడా రానివాడికి రెట్టింపా?"

బసవయ్య నవ్వాడు. "దండలు వేసేది చూసేవాళ్ళు మహారాజా. దెబ్బ తినేది ఎదురాడేవాళ్ళం. నిన్న ఆట మొదటినుంచీ ఆయన దిగి ఉంటే, సంత మాకు వచ్చేది కాదు. ఆ సంగతి మా జట్టులో ప్రతివాడికీ తెలుసు."

రాజు త్రాసు వైపు చూశాడు. అప్పుడు అన్నాడు: "కోశాధికారి తప్పు లేదు. కొలిచే పద్ధతి మాది, తప్పూ మాదే. ఓబనా, నువ్వు ఇక్కడే ఉండాలంటే ఎంత కావాలో చెప్పు."

ఓబన తల తిప్పి చూశాడు. సభామంటపం అంచున, ఆడవాళ్ళ మధ్య చెంగమ్మ నిలబడి ఉంది. మొహమాటపడి తక్కువ అడిగితే ఇంటికి రావద్దన్నట్టు కళ్ళెర్రజేసింది.

"మైలారుడికి ఎంత ఇస్తున్నారో నాకూ అంత ఇవ్వండి ప్రభూ," అన్నాడు ఓబన.

"కానీ జనం అతని కోసం వస్తారు కదా? అతను లేని రోజు మైదానం సగం ఖాళీ అయింది. మేమూ చూశాం."

"వస్తారు ప్రభూ. అది అతని విలువ. అందుకే అతనికన్నా ఎక్కువ అడగలేదు."

మైలారుడు గట్టిగా నవ్వేశాడు. రాజూ నవ్వి ఒప్పుకోక తప్పలేదు. బసవయ్య మాత్రం నవ్వలేదు. ఖాళీ పల్లకీతో తిరిగి వెళ్ళి తన రాజుకు ఏం చెప్పుకోవాలా అని ఆలోచిస్తూ సెలవు తీసుకున్నాడు.

ఆ రోజే మాలతూకం రద్దయింది. దండలు వేసుకునేవాళ్ళు వేసుకోవచ్చు గానీ, వాటితో జీతాలు ముడిపెట్టరు. ఇకమీదట జీతం నిర్ణయించే ముందు రాజు ముగ్గుర్ని అడుగుతాడు: ఆటగాడితో కలిసి ఆడినవాణ్ణి, అతనికి ఎదురాడినవాణ్ణి, అతన్ని చూడటానికి వచ్చినవాణ్ణి. ఒక్కరి మాటే నమ్మడు.

అలా అడిగినప్పుడు సోమిదేవుడి గురించి మొదటి ఇద్దరూ ఏమీ చెప్పలేకపోయారు. ముసలమ్మ మాత్రం బాగా దొర్లుతాడని చెప్పింది. అతని జీతం నాలుగోవంతుకు దిగింది. అలిగి కొలువు మానేసి, పెళ్ళి ఊరేగింపుల ముందు పిల్లిమొగ్గలు వేసే పనిలో చేరాడు. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు. బాగానే సంపాదించాడు. ఎవరికి తగిన చోటు వారికి దొరికింది కాబట్టి ఎవరూ జాలిపడాల్సిన పని లేదు.

సంత మాత్రం ఆ ఏడు తేనెవాకలోనే జరిగింది. నీలగుండం చెరువుగట్లు ఇంకో ఏడాది ఆగాయి. తప్పుగా కొలిచినందుకు రాజ్యం కట్టిన వెల అది.

కాబట్టి పిల్లలూ, ఒకరి పనికి ఎంత విలువ కట్టాలో తెలియాలంటే వారికి పడే చప్పట్లు మాత్రమే వినకండి, వారు లేని రోజు ఏం ఆగిపోతుందో కూడా చూడండి.