తాతయ్యని పట్టుకొచ్చిన టిఫిన్ డబ్బా

తెలివిలో జెకర్యాని, అతని తమ్ముడు తీతుని మించినవాళ్ళు మా వీధిలో లేరు. ఈ మాట చెప్పింది కూడా వాళ్ళే.

ఒక ఆదివారం పాస్టరుగారు వాళ్ళింటికొచ్చి, "మీ తాత గొప్ప శిల్పి కదయ్యా! కొండమీది పాత చర్చిలో బోలెడు విగ్రహాలున్నాయి గానీ, ఆయన ప్రాణమంతా అక్కడి దేవదూత బొమ్మలోనే ఉంది," అన్నారు.

అంతే! నాయనమ్మ మార్తమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అక్కడున్నాడా! నేనేమో సమాధి దగ్గర వెతుక్కుంటున్నా. తీసుకురండిరా! ఆయన పోయే ముందురోజు పొడుం డబ్బీ దాచింది నేనే. ఆ ఒక్కమాట చెప్పేదాకా నాకు ముద్ద దిగదు."

అన్నదమ్ములు డబ్బాలో పెరుగన్నం పెట్టుకుని బయల్దేరారు. సగం దారిలోనే సగం తినేశారు.

చర్చి గోపురాలు సూదుల్లా ఆకాశంలోకి లేచి ఉన్నాయి. లోపల రంగుటద్దాల కిటికీల కింద వరసగా రాతి విగ్రహాలు. "ఏదీ ముట్టుకోవద్దు. చేతులు కట్టుకుని నడవండి," అన్నాడు కాపలా ముసలాయన.

ఇంకేముంది! తీతు తువ్వాలుతో అన్న చేతులు కట్టేశాడు. "నావి కట్టేవాళ్ళు లేరు, నువ్వు కట్టు బాబాయ్," అని ముసలాయన్ని బతిమాలాడు.

"మీకు బుర్ర ఉందా?"

"ఇదిగో!" అని చూపించడానికి జెకర్యా తల ముందుకి వంచాడు. అది కాస్తా ఎదురుగా ఉన్న రాతి మోకాలికి కొట్టుకుని బొప్పి కట్టింది.

ముసలాయనకి జాలేసింది. తువ్వాలు విప్పి, వాళ్ళ తాత చెక్కిన దేవదూత దగ్గరికి తీసుకెళ్ళాడు. "చూడండి, జీవం ఎలా ఉట్టిపడుతోందో!"

"అయ్యో, నేలపాలైపోతోంది!" జెకర్యా గబుక్కున డబ్బా మూత తీసి రెక్క కింద పట్టాడు. "ఎంతసేపు పట్టాలి బాబాయ్?"

"నీ ఇష్టం. ఐదింటికి మూసేస్తాం."

"అయితే మేమూ ఐదింటికే మూస్తాం."

ఐదింటికి మూత బిగించి బస్సెక్కారు. ఆకలికి ఆగలేక తీతు మిగిలిన పెరుగన్నం కూడా తినేశాడు.

ఇంట్లో నాయనమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "తాతయ్య ఏడిరా?"

"తీతు తినేశాడు!" అన్నాడు జెకర్యా.

మార్తమ్మ వాళ్ళని లోపలికి లాక్కెళ్ళింది. తీతుని కుర్చీలో కూర్చోబెట్టి, కొంగు సర్దుకుని, అతని పొట్టకేసి చూస్తూ, "ఏమండీ, పొడుం డబ్బీ దాచింది నేనేనండీ. తప్పయిపోయింది," అని వెక్కివెక్కి ఏడ్చింది.

తీతు గొంతు సవరించుకున్నాడు. "పర్లేదులే మార్తా," అన్నాడు.

ఆమె ముఖం వెలిగిపోయింది. బొడ్లోంచి డబ్బీ తీసి, చిటికెడు పొడుం అందించింది. తీతు పీల్చాడు.

హాచ్చ్!

"తాతయ్య బయటపడ్డాడు! తలుపులు మూయండి!" జెకర్యా ఖాళీ డబ్బా పట్టుకుని ఇల్లంతా పరుగెత్తాడు.

మార్తమ్మ మాత్రం తలుపులు బార్లా తీసింది. "వెళ్ళనీరా. ఈసారి పొడుం తీసుకునే వెళ్ళాడు."