వెనక్కి చూడని తాబేలు

ఒకప్పుడు సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టేసి వెళ్ళిపోయేవి కావు. గుడ్లు పగిలేదాకా ఒడ్డునే కాపలా ఉండేవి. పిల్లలు ఇసుకలోంచి బయటికి రాగానే తల్లి ముందు నడిచేది. పిల్లలు వెనకాలే బుడిబుడి నడకలతో నీళ్ళదాకా వెళ్ళేవి.

ఆ నడక ఎంతో లేదు, నలభై బారలు. కానీ పిల్ల ఉండేదే గవ్వంత. దారి పొడుగునా పీతలు, కాకులు, గద్దలు. వంద బయలుదేరితే సగమైనా నీళ్ళు చేరేవి కావు.

నూకాలు అనే తాబేలుకి ఇది నచ్చలేదు.

"కళ్ళముందే పిల్లల్ని ఎత్తుకుపోతుంటే చూస్తూ నడవడమేమిటి? నాకు వీపు లేదా?" అంది.

అన్నంత పనీ చేసింది. పదేసి పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని నీళ్ళలో దించి వచ్చింది. మళ్ళీ పది. మళ్ళీ పది.

బొరియ ముందు కూర్చున్న పీత కళ్ళు నిక్కించి చూసింది. "వదినా, ఇది మరీ అన్యాయం. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు నేను."

"ఉన్నాయిగా అన్ని కాళ్ళు! పోయి ఇంకెక్కడైనా వెతుక్కో" అంది నూకాలు.

ఆ రోజు ఒక్క పిల్ల కూడా పోలేదు. "తల్లంటే నూకాలే" అన్నాయి మిగతా తాబేళ్ళు. మరుసటి ఏడు అవీ మోశాయి.

ఒడ్డంతా పరుచుకున్న ఇసుక మామ్మ ఒక్కతే గొణిగింది. "పిల్లల్ని ఒక్కసారి కిందికి దించవే. నన్ను తొక్కనీ."

"నువ్వు కాలిపోతుంటావు మామ్మా. అవి పసికాళ్ళు" అంది నూకాలు.

పదిహేనేళ్ళు గడిచాయి. కూతుళ్ళు గుడ్లు పెట్టే ఈడుకొచ్చాయి. పుట్టిన ఒడ్డుకే వచ్చి గుడ్లు పెట్టడం తాబేళ్ళ ఆచారం. నూకాలు వాటికోసం కెరటం తగలని మెత్తటి చోటు చూసిపెట్టింది. శీతాకాలమంతా నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. ఒక్కతీ రాలేదు. మరుసటి ఏడూ రాలేదు.

వచ్చిన ప్రతి కెరటాన్నీ అడిగింది, "నా పిల్లలు కనిపించారా?" అని.

చివరికి ఒక ముసలి కెరటం చెప్పింది. "కనిపించకేం! నిండు కడుపులతో నడిసముద్రంలో తిరుగుతున్నారు. ఒడ్డు ఎటో తెలియడం లేదు వాళ్ళకి."

నూకాలు ఉన్నపళంగా బయలుదేరింది. రోజుల తరబడి ఈది ఒక కూతుర్ని పట్టుకుంది.

"పదవే, ఇంటికి పోదాం. మన ఇసుక వాసన గుర్తులేదూ?"

కూతురు వచ్చి తల్లి వీపుకి ముక్కు ఆనించింది. "నీ వీపు వాసన గుర్తుందమ్మా. ఇసుక వాసన ఎలా ఉంటుంది?"

వాసనను మాటల్లో ఎలా చెబుతారు? నూకాలు దారి చూపిస్తూ ముందు ఈదింది.

కూతురు మూడు రోజులు వెంట వచ్చింది. నాలుగో రోజు ఇక ఆగలేక గుడ్లు నీళ్ళలోనే వదిలేసింది. అవి తెల్లగా, ఒక్కొక్కటే, కిందికి మునిగిపోయాయి.

నూకాలు ఒంటరిగా ఒడ్డుకి వచ్చి పడింది. "మామ్మా, నేను మంచికే చేశాను."

"కాదన్నానా?" అంది ఇసుక మామ్మ. "నీ మనసు మంచిదే. కానీ పిల్లలు నడవాల్సింది నీ మనసు మీద కాదు, నా మీద. కాలు కాలితేనే నేను గుర్తుంటాను."

ఆ ఏడు నూకాలుకి మళ్ళీ గుడ్లు పెట్టే వేళ వచ్చింది. "ఈసారి మోయను. ముందు నడుస్తాను, అంతే" అంది.

పీత నవ్వింది. "చూద్దాంలే వదినా. నేనొకదాన్ని పట్టుకున్నాననుకో. ఊరుకుంటావా?"

నూకాలు పీతకేసి తిరిగింది.

"ఊరుకోను. మళ్ళీ ఎత్తుకుంటాను. మంచికే అనుకుంటూ ఎత్తుకుంటాను. అందుకే నేనసలు ఇక్కడ ఉండకూడదు."

గొయ్యి తవ్వింది. గుడ్లు పెట్టింది. ఇసుక కప్పి, జోకొట్టినట్టు ఒళ్ళంతా అటూ ఇటూ ఊపి అదిమింది. నీళ్ళవైపు తిరిగింది.

"ఒక్కసారి వెనక్కి చూసుకుని పోవే" అంది ఇసుక మామ్మ.

"చూస్తే ఆగిపోతాను మామ్మా."

కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోవడానికి ఆగలేదు.

గుడ్లు పగిలిన రోజు పీత కడుపునిండా తింది. ఆ సంగతి దాచడమెందుకు? మిగిలిన పిల్లలు మాత్రం ఆ నలభై బారలూ తమ కాళ్ళతో నడిచి సముద్రంలోకి వెళ్ళాయి. వాటిలో ఆడపిల్లలు ఎదిగాక, ఎవరూ పిలవకుండానే ఆ ఒడ్డుకే తిరిగొచ్చాయి. అది చూసి మిగతా తల్లులూ నూకాలు దారే పట్టాయి.

అప్పటినుంచే సముద్రపు తాబేలు గుడ్లు పెట్టి, ఏడుస్తూ, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. ఎంత దూరం పోయినా గుడ్లు పెట్టడానికి పుట్టిన ఒడ్డుకే వస్తుంది. ఒక్కోసారి తల్లీ కూతురూ ఒకే ఒడ్డున, పక్కపక్కనే గొయ్యి తవ్వుకుంటూ ఉంటాయి. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళే. పక్కనున్నది ఎవరో ఇద్దరికీ తెలియదు.