రాణి మంచం ఎదుట అద్దం

అనగనగా, అద్దమంటే ఏమిటో మన వైపు ఎవరికీ తెలియని కాలంలో, మణికేతుడనే రాజుండేవాడు. ఊఁ కొడుతున్నారా? కొట్టకపోతే ఇక్కడే ఆపేస్తా.

ఆయన రాణి అలివేణి నడుము విరిగి, కోట నడిమి గదిలో మూడేళ్లుగా మంచం మీదే ఉంది. ఆ గదికి కిటికీ లేదు. మంచం కదిపితే ప్రాణానికి ముప్పన్నారు వైద్యులు. గోడ పగలగొడితే కోటే కూలుతుందన్నారు శిల్పులు. రాజు రోజూ వచ్చి, ఒక నవ్వులాట మాట చెప్పి, వెంటనే వెళ్లిపోయేవాడు. ‘ఆయనకు నేను బరువైపోయాను’ అనుకుని రాణి అన్నం మానేసింది. రోజురోజుకీ చిక్కిపోయింది.

"అమ్మా, నీకేం కావాలి?" అని ముగ్గురు కొడుకులూ అడిగారు.

"ఒక్కసారి ఎండ చూడాలని ఉంది నాయనా."

పెద్దవాడు వెయ్యి దీపాలు పెట్టించాడు. పొగకు రాణి దగ్గు ఆగలేదు. రెండోవాడు గోడలకు బంగారు రేకు వేయించాడు. చీకట్లో బంగారం మెరుస్తుందా, మీరే చెప్పండి. మూడోవాడు సుకేతు, ఏడు సముద్రాల అవతల వెలుగును వంచే పలకలున్నాయని విని ఓడెక్కాడు.

అక్కడ కరాళుడనే మాంత్రికుడి మేడ ఉంది. గోడలన్నీ అద్దాలే. లోపల అడుగు పెట్టాడో లేదో, వచ్చిన తలుపేదో తెలియలేదు. ఎటు చూసినా సుకేతుకు సుకేతే కనబడ్డాడు. ఇంతలో ఒక పిచ్చుక భుజం మీద వాలింది.

"ఈ గోడల్లోని పిచ్చుకలతో పోట్లాడి నా ముక్కు అరిగిపోయింది బాబూ," అంది. "మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంది. ఉన్నది ఒక్క చిలకే, కనబడేవి వెయ్యి. నీలవేణి అన్నం వండే వేళ మాత్రం వంటింట్లో నా శత్రువులంతా ఎక్కడికో పోతారు!"

పిచ్చుక వంటింటికి దారి చూపింది. నీలవేణి మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాజకుమార్తె. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, పక్కనున్న అద్దానికి ఆవిరి పట్టింది. సుకేతుకు విషయం తెలిసిపోయింది.

ఇద్దరూ మేడ నడుమ మూడు పొయ్యిలు వెలిగించి, మూడు గంగాళాల ఎసరు పెట్టారు. అద్దాలన్నీ మసకబారాయి. ఒకే ఒక్క పచ్చని చిలక మిగిలింది, తలుపూ కనబడింది. సుకేతు పంజరం తెరిస్తే చిలక అడవిలోకి ఎగిరిపోయింది. "నా ప్రాణం! నా ప్రాణం!" అంటూ కరాళుడు దాని వెంట పడ్డాడు. ఇప్పటికీ పరుగెడుతూనే ఉన్నాడట, పాపం.

సుకేతు అద్దాలు విప్పుతుంటే నీలవేణి మొహం తిప్పుకుంది. "ఈ పాపిష్టివి ఎందుకండీ? ఏడేళ్లుగా నా మొహం తప్ప మరో మనిషిని చూడనివ్వలేదు."

"మా అమ్మకు ఎండ చూపించాలి."

ఆమె మళ్లీ ఇటు తిరిగింది. "అయితే ఎలా పెట్టాలో నేను చెబుతాను."

పిచ్చుకను కూడా వెంటబెట్టుకుని కోటకు తిరిగొచ్చి, ఒక అద్దం పెరట్లో, ఒకటి వసారా మలుపులో, ఒకటి రాణి మంచం ఎదుట పెట్టారు. మూడోదాన్ని సుకేతు అమ్మకు సూటిగా నిలబెట్టబోయాడు.

"అమ్మగారి మొహం అమ్మగారికి ఎందుకు? కాస్త పక్కకి వంచండి," అంది నీలవేణి.

ఎండ అద్దం నుంచి అద్దానికి దూకి దుప్పటి మీద పడింది. రాణి దాన్ని చేత్తో తడిమింది. తలెత్తి చూస్తే అద్దంలో పెరడు, పెరటి మెట్టు మీద రాజు. ఇప్పుడే తనను నవ్వించి వెళ్లిన మనిషి, కండువాలో మొహం దాచుకుని ఏడుస్తున్నాడు.

"రోజూ ఇంతేనా?" అంది రాణి. కొడుకులు తల దించుకున్నారు.

"ఆయన్ని పిలవండి. అన్నం ఇక్కడికే తెమ్మనండి, ఇద్దరికీ."

సుకేతుకూ నీలవేణికీ ఆ గదిలోనే పెళ్లయింది. వాళ్లు చాలా ఏళ్లు రాజ్యమేలారు. పిచ్చుకకు మాత్రం ఎంత చెప్పినా ఎక్కలేదు, అద్దం కనబడితే పొడవాల్సిందే. ఆ రాజ్యంలో కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు అద్దం ఎటు పెట్టాలని నీలవేణిని అడగడానికి వచ్చేవారు.

"అందులో మీకు ఎవరు కనబడాలో ముందు చెప్పండి," అనేది ఆమె.