మదార్ కారుకు కట్టిన డబ్బీ

కడపలో కారు బాడుగకు తిప్పే మదార్‌కు పెద్ద చిక్కొచ్చి పడింది. మనిషి అబద్ధమాడడు. జోరే కాస్త ఎక్కువ, అతని కారొస్తోందంటే కోళ్లు గోడెక్కాల్సిందే.

పెట్రోలు పైపుకు కడితే చాలు, మైలేజి పెరుగుతుందంటూ ఒకాయన చిన్న ఇత్తడి డబ్బీలు అమ్ముతున్నాడు. లోపల పెట్రోలు బాగా మండేలా చేసే కేటలిస్టు గుళికలున్నాయట. వాడి చూడమని మదార్‌కు ఒకటి ఊరికే ఇచ్చిపోయాడు. స్టాండులో డ్రైవర్లంతా ఇప్పుడు మదార్ మాట కోసం కాచుకున్నారు. అతను ఊఁ అంటే అందరూ కొంటారు. తీరా అది బోగస్ అయితే వాళ్ల కష్టార్జితం గంగలో కలిసినట్టే. ఇక మదార్ మాట ఎవరు నమ్ముతారు?

కొత్త వస్తువేదైనా ముందు గురువుతో దువా చేయించుకోవడం అతని అలవాటు. డబ్బీ పట్టుకుని దర్గాలో పీర్ సాబు దగ్గరికి పోయాడు.

"ఇది పనిచేస్తాదా బాబా?"

"నన్నడిగితే? నేనేమన్నా ఇంజనా?" అన్నాడు ముసలాయన. "ఇటియ్యి, ఊది ఇస్తా."

డబ్బీ తీసుకుని లోపలి గదిలోకి వెళ్లాడు. కాసేపటికి మూత బిగించి తెచ్చి, ఫాతిహా చదివి, ఉఫ్‌మని ఊది ఇచ్చాడు.

"కట్టుకొని తిప్పు. మూత మాత్రం తియ్యొద్దు."

నెల తిరక్కుండానే మదార్ గంతులేసుకుంటూ వచ్చాడు.

"పెరిగింది బాబా! నా కండ్లతో చూసినా! పోయి స్టాండులో చెప్పేస్తా!"

"చెబుదువులే. ముందు మూత తియ్యి."

తీశాడు. అరచేతిలోకి ఖర్జూరం గింజలు రాలాయి. మదార్ నోరు తెరుచుకుని గింజల వంక చూశాడు, గురువు వంక చూశాడు.

"గుళికలేవి బాబా?"

"అల్మారాలో ఉండాయి. ఖర్జూరాలు నేను తినేసినా. భలే తియ్యగుండె."

"మరి మైలేజి?"

"ఇన్నాళ్లూ ఎట్ల నడిపినావు?"

"ఎట్లంటే... డబ్బీ పనిచేస్తాందో లేదో అని ఇంజను మీదే చెవి పెట్టుకొని, మెల్లగా. గట్టిగా తొక్కితే దీని సంగతి తెలీదు కదా అని..."

అక్కడ ఆగిపోయాడు. ఆ వెంటనే నవ్వు తన్నుకొచ్చింది. పీర్ సాబు కూడా కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. మదార్‌కు ప్రాణం హాయిగా ఉంది. స్టాండు వాళ్ల డబ్బులు దక్కాయి, తన మాటా దక్కింది.

"వాళ్లకేం చెప్పాల బాబా?"

"ఏమీ చెప్పొద్దు. ఒక్కొక్కరినీ పక్కన కూచోబెట్టుకొని ఇట్లే మెల్లగా తిప్పు."