దోమకాటు గొర్రెలు

ఎసరు మరిగేలోగా అయిపోయే కథ ఇది. దివాను శరభయ్య మీసం గురించి మొదలెడితే మాత్రం అన్నం మాడిపోతుంది. ఆయన సంతలో చవగ్గా నలభై గొర్రెలు కొన్నాడు. వాటికి ఒళ్లంతా పొక్కులు. వాటిని కాపరి ఈరమ్మ మందలో కలపమంటే, ఆమె కర్ర అడ్డం పెట్టింది.

"వీటికి మశూచి సోకింది దొరా. కలిపితే నా మంద మొత్తం పోతుంది."

"అవి దోమకాట్లే! కలుపు," అన్నాడు దివాను, జమీందారు ఎదుటే.

"సరే. ముందు జమీందారుగారి పందెం పొట్టేలును పదిరోజులు వీటితో కట్టించండి. దానికి పొక్కు లేవకపోతే నేనూ కలుపుతాను."

"అమ్మో! పొట్టేలుకు అంటుకోదూ!" అన్నాడు దివాను.

జమీందారు ఆయనకేసి చూశాడు.

ఈరమ్మ మంద దక్కింది. పొక్కుల గొర్రెలు ఊరవతల దొడ్డికి వెళ్లాయి. అవి కోలుకునేదాకా వాటిని కాసింది దివానుగారే.